పళ్ళెం మోగక ముందే

కుంతళా మౌసి గొంతు మా ఆసుపత్రి గోడల మధ్య పట్టేది కాదు. మహానది అవతలి ఒడ్డున పెళ్ళి జరుగుతుంటే ఇవతలి ఒడ్డుకు వినపడే హుళహుళి ఆవిడది. నాలుక ఆడిస్తూ ఆ శుభకేక ఒక్కసారి ఎత్తుకుందంటే తక్కిన ఆడవాళ్ళు వెనకాల వంత పలకాల్సిందే. అలాంటి మనిషి కోడలు ఝిల్లీని కాన్పుకు తీసుకొచ్చింది. వెంట ఊరి ఆడవాళ్ళు, చంకలో గుడ్డకు చుట్టిన కంచు పళ్ళెం.

"ఇదెందుకు?" అన్నాను.

"బిడ్డ పడగానే మోగించొద్దూ? పళ్ళెం మోగితేనే కదా దీదీ, మేం హుళహుళి ఎత్తుకునేది!"

"ఇది కాన్పుల గది మౌసీ, జాతర కాదు."

ఆవిడ పాన్‌ను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి నెట్టి నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "పోయినసారి ఇంట్లోనే కన్నది. ఈ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. బిడ్డ ఏడవనే లేదు. మోగించే రాత లేకపోయింది."

ఆ మూటను మెల్లగా అందుకుని గుమ్మం దగ్గర పెట్టాను. అయినా నర్సునయ్యాక ఆ మాత్రం కోపం లేకపోతే ఎలా? "సరేలే, బయట కూర్చోండి. బిడ్డ ఏడవగానే నేనే ఏదో ఒకటి మోగిస్తాను. ఆ పళ్ళెం మాత్రం గుడ్డ విప్పకు."

"నీ మెడలో వేలాడేదేంటి? అందులో పాటలొస్తాయా?"

"నీ పాట తప్ప అన్నీ వస్తాయి. నడు నడు."

మధ్యాహ్నం వాన పట్టుకుంది. ఆ వానలోనే ఝిల్లీకి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. నీలంగా, తడిగుడ్డలా నా చేతుల్లో వాలిపోయింది. ఒళ్ళు తుడిచాను, వీపు రుద్దాను, నోట్లో అడ్డుపడిన జిగురు లాగేశాను. ఉహూఁ, చలనం లేదు. బొడ్డు కోసి వేడి దీపం కింద పడుకోబెట్టాను. ఊపిరి అందించే అంబు బ్యాగు అందుకునే తొందరలో మోచెయ్యి తగిలి, కత్తెరలున్న స్టీలు ట్రే కింద పడింది. గదంతా ఖంగుమంది.

బయట హుళహుళి లేచింది!

అయ్యో దేవుడా, నేను మోగిస్తానన్న మాట నమ్ముకుని కూర్చున్నారు వాళ్ళు. బల్లమీద ఝిల్లీ ముఖం విప్పారింది. "ఏడ్చిందా దీదీ? నాకు వినపడలేదే!" అంది. ఏమని చెప్పను? స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని బిడ్డ గుండె మీద ఆనించాను. చెవుల నిండా కుంతళా మౌసి గొంతే. లోపల గుండె ఆడుతోందో లేదో తెలియడం లేదు.

"నోళ్ళు ముయ్యండి! బిడ్డ ఇంకా ఊపిరి తియ్యలేదు!" అని అరిచాను.

టక్కున అంతా ఆగిపోయింది. రేకుల మీద వాన ఒక్కటే మిగిలింది. ఝిల్లీ పిడికిలితో నోరు నొక్కుకుంది. అప్పుడు వినపడింది నాకు. ఉంది, గుండె ఉంది. కానీ ఒకటి కొట్టుకుని రెండోదానికి ఆలోచిస్తున్నట్టుంది.

మాస్కు ముక్కూ నోరూ కప్పేలా పెట్టి బ్యాగు నొక్కాను. రొమ్ము లేవలేదు. తల కాస్త వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, మాస్కు సరిగ్గా ఆనించి మళ్ళీ నొక్కాను. పిడికెడంత రొమ్ము మెల్లగా పైకి లేచింది. ఇంకోసారి. మళ్ళీ. నా గుప్పిట్లో పట్టే ఆ బ్యాగుకు కరెంటు లేదు, తీగ లేదు. అందులోది మామూలు గాలే, మనందరం పీల్చి వదిలేసేదే. ఆ గాలి లోపలికి పోతుంటే ఒక మనిషి తయారవుతోంది! కాసేపాగి మళ్ళీ విన్నాను. గుండె దౌడు తీస్తోంది. ఇన్నేళ్ళుగా వింటున్నా ఆ చప్పుడుకు నా ఒళ్ళు జలదరిస్తుంది. చెయ్యెత్తి మొక్కుదామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

రొమ్ము మీది నీలం కరిగింది, పెదాలు ఎర్రబడ్డాయి. పిల్ల ముందు పిల్లికూనలా మూలిగింది, ఆ వెంటనే గుక్కపట్టి ఏడ్చింది.

బయట మాత్రం చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే మౌసి గోడకు జారగిలబడి చీరకొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

"ఏడ్చింది, వినలేదా? హుళహుళి ఎత్తుకోవేం?"

కొంగు తీసింది. "ముందే ఎత్తుకున్నాను కదమ్మా, నా పాడు నోరు! మళ్ళీ తెరిస్తే దానికేమన్నా అయితే?"

"ట్రే పడేసింది నేను. నీ నోరేం చేసింది? లే!"

చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. ఝిల్లీ రొమ్ము మీద పడుకున్న పిల్ల వీపుకు స్టెతస్కోపు ఆనించి, గొట్టాలు మౌసి చెవుల్లో పెట్టాను. ఆవిడ కళ్ళు ఇంతింతయ్యాయి.

"అమ్మో! ఇదేంటి, ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతోంది!"

"ఉరకాలి మౌసీ. అదే దాని పని."

"ఇంత పిల్లలో అంత గుండె ఉందా?" అంటూనే ఆవిడ బొటబొటా ఏడ్చేసింది. గొట్టాలు తీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

నేను గుమ్మం దగ్గర పెట్టిన మూట విప్పి కంచు పళ్ళెం తెచ్చాను. కత్తెర పిడితో బలంగా కొట్టాను. గొట్టాలు చెవుల్లో ఉండగానే కుంతళా మౌసి తలెత్తి హుళహుళి ఎత్తుకుంది. వరండాలోంచి ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఆ హోరుకు ఉలిక్కిపడి పిల్ల కెవ్వుమంది.

"ఇప్పుడు వినపడింది దీదీ," అంది ఝిల్లీ.