వెనక కుట్టు

కాజా కుట్టడం సగంలో ఆపి ఆవిడ చెవులు రిక్కించింది. ముందుగదిలో మిషను ఆగింది.

మిషను ఆగిందంటే టైలరు ఏదైనా నములుతుండాలి, లేదా కూర్చున్నచోటే కునుకుపట్టి, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉండాలి. డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఆ రెండోదే ఆవిడ ప్రాణం తోడేస్తోంది. “ఒళ్ళు తగ్గకపోతే ఏదో ఒక కునుకులో ఆ ఊపిరి మళ్ళీ అందుకోదమ్మా” అన్నాడాయన, తప్పంతా వంటింటిదే అన్నట్టు ఆవిడ వైపే చూస్తూ.

తెర తీసి చూసింది. మొగుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. స్టూలుకి రెండు పక్కలా పొంగిన ఒళ్ళు, మెడలో టేపు. పొట్ట మిషను బల్లకి అడ్డం రావడంతో చేతులు చాచి కుట్టీ కుట్టీ భుజాలు ముందుకు వంగిపోయాయి.

“బతికే ఉన్నానే. పోయి నీ గుండీలు చూసుకో” అన్నాడు తల తిప్పకుండానే.

ఆయనకి ఎదురుగా మేకుకి బూడిదరంగు కొత్త ప్యాంటు వేలాడుతోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే నడుము బెత్తెడు తగ్గించి కుట్టుకున్నాడు. ఎవరికి కుట్టినా, తర్వాత వదులు చేసుకోవడానికి వీలుగా వెనక కుట్టు లోపల కాస్త గుడ్డ వదలడం ఆయన పద్ధతి. “ఒంటిని నమ్మకూడదు, ఎప్పుడెటు తిరుగుతుందో” అంటాడు. ఈ ప్యాంటుకి మాత్రం వేలెడు కూడా వదల్లేదట. “వెనక్కి దారి మూసేశాను. ఇక ఇందులో దూరాల్సిందే.”

దూరడానికి ఆయన పడని పాట్లు లేవు. నడక మొదలెడితే మోకాళ్ళు వాచాయి. పచ్చికూరలు నమిలాడు, పస్తులున్నాడు. కాస్త తగ్గేవాడు. బడి యూనిఫారాల రద్దీ వచ్చేది. పగలంతా స్టూలు దిగకుండా కుట్టేసరికి తగ్గినదంతా తిరిగొచ్చేది.

పదింటికి బ్యాంకు గుమాస్తా కొలతలివ్వడానికి వచ్చాడు.

“మాస్టారూ, మీ చొక్కా గుడ్డలో మా ఇంటిల్లిపాదికీ వస్తాయండీ!”

“మీ గుడ్డల్లో మిగిలిన ముక్కలన్నీ నేనే మింగేస్తున్నానని మీరేగా చెప్పుకునేది? అవే, అరగట్లేదు.”

గుమాస్తా పడీ పడీ నవ్వాడు. టైలరూ నవ్వాడు. గుమాస్తా మెట్లు దిగిపోయాక ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు మొహం మీదే ఉంచుకున్నాడు.

మధ్యాహ్నం గుర్తు పెట్టడానికి సుద్దముక్క కావాలని ఆవిడ డబ్బా తెరిస్తే అడుగున బిస్కెట్ల పొడి.

“ఏంటయ్యా ఇది? నాకు కావలసింది నువ్వు, నీకు కావలసింది ఇదీ!”

“కావాలని తింటానటే? ఆకలి నాకంటే ముందే లేచి కూర్చుంటుంది. పడుకోవే అంటే పడుకోదు. నన్నేం చెయ్యమంటావు?”

“అయితే దాంతోనే కాపురం చెయ్యి!”

అనేసి లోపలికొచ్చింది. వేలికి సూది గుచ్చుకుంది. గుండీలు రావలసిన వైపు కాజాలు తెరిచేసింది. తను భోంచేసింది. ఆయన మంచినీళ్ళు తాగి మళ్ళీ మిషను తొక్కుతున్నాడు.

వీధిలో దీపాలు వెలిగే వేళ మిషను ఆగింది.

ఆవిడ లేవబోయి కూర్చుండిపోయింది. తింటున్నాడేమో. ప్రతిసారీ దొంగని పట్టుకున్నట్టు తెర లాగితే మనిషికి ముద్ద గొంతు దిగుతుందా? ఈ ఒక్కసారికి తిననీ. చేతిలో చొక్కాకి గుండీలన్నీ కుట్టింది. దారం తెంపింది. మిషను మళ్ళీ మొదలవలేదు.

తెర తీసేసరికి ఆయన మిషను మీదికి ఒరిగి ఉన్నాడు, ఒక చెయ్యి చక్రం మీద. సుద్దల డబ్బాలో సుద్దలే ఉన్నాయి. ఆయన ఏమీ తినలేదు.

మర్నాడు పొద్దున మరిది మెల్లిగా అడిగాడు. “వదినా, అన్నయ్యకి కొత్తబట్టలేమైనా ఉన్నాయా?”

“ఉన్నాయి. పట్టవు.”

అయినా మేకు మీది ప్యాంటు తీసింది. వెనక కోసి ఏదైనా అతుకు వేద్దామని తిరగేసి, బ్లేడు పట్టుకుని ఆగిపోయింది. వెనక కుట్టుకి అటూ ఇటూ మడతపెట్టి, పైకి కనపడకుండా ఇస్త్రీతో అణిచిపెట్టిన గుడ్డ. తగ్గించిన బెత్తెడూ అక్కడే ఉంది.

“మహా మూసేశావులే దారి” అంది. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

కుట్టు ఊడదీసి, వదులు చేసి, ఆయన స్టూలు మీదే కూర్చుని మళ్ళీ కుట్టింది. ఆయనకి సరిగ్గా పట్టింది.

అందరూ వెళ్ళిపోయాక గదిలో మేకు ఖాళీగా ఉంది. ఊడదీసిన బూడిదరంగు దారం మాత్రం మిషను బల్ల మీద, కుట్టుకుట్టుకీ వంకర తిరిగి, ఇంకా గుడ్డలోనే ఉన్నట్టు పడి ఉంది.