సముద్రానికి జడ

దువ్వెనకు పట్టిన వెంట్రుకల్ని వేలికి చుట్టి, ఉండ చేసి, వంటింటి కిటికీకి తగిలించిన కవరులో వేయబోయింది జెమీమా. అప్పుడప్పుడూ వీధిలో కేకేసుకుంటూ వచ్చే ఆమె ఆ వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నె ఇచ్చి పోతుంది.

"అవి అమ్మొద్దు, సముద్రానికి కావాల" అన్నాడు భర్త శాలేము రాజు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

సముద్రానికి! మదనపల్లె నుంచి సముద్రం చూడాలంటే పూటంతా బస్సులో కూర్చోవాలి.

వారంగా టీవీలో అదే గోల. సముద్రం మధ్య చమురు తోడేచోట గొట్టం పగిలి ఒడ్డంతా నల్లటి జిడ్డు పేరుకుంది. చచ్చిన తాబేళ్లు, వలలు పట్టుకుని ఏడ్చే జాలర్లు, గొంతు చించుకునే పెద్దమనుషులు. వాళ్లందరికంటే గట్టిగా అరుస్తున్నది శాలేము రాజే. "తనిఖీ సేసేవోళ్లు ఏం సేస్తాండారంట? గొట్టం కాడికి పోకుండానే అంతా బాగుండాదని రాసేసుంటారు, సిగ్గులేనోళ్లు!" తనదీ ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఉద్యోగమేనన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. జెమీమాకు గుర్తొచ్చింది గానీ, ఇడ్లీలు పెట్టి, బాక్సు కట్టి, అత్తకు మాత్రలిచ్చి ఆస్పత్రికి పరుగెత్తాల్సిన మనిషికి వాదన పెట్టుకునే తీరిక ఎక్కడిది?

వార్డులో అడుగు పెట్టగానే తోటి నర్సు కృష్ణవేణి చేతులు పట్టుకుంది. "ఎంత గొప్ప మనసమ్మా నీది! చమురు పీల్చేదానికని ఆదివారం చర్చిలో నీ జడ కత్తిరించి ఇస్తాండావంట గదా? మీ ఆయన స్టేటస్ పెట్టినాడు."

తన జడ సంగతి తనకు స్టేటస్‌లో తెలిసింది! జెమీమాకు ఒళ్లు మండిపోయింది. మెడనొప్పికి డాక్టరమ్మే కత్తిరించుకోమంటే, ఈ జడ కోయించుకోనివ్వమని ఇంట్లో ఎంతగా బతిమాలింది తను! తెల్లారి తలస్నానం చేస్తే సాయంత్రానికి కూడా లోపల తడి ఆరదు, తలపోటు వదలదు. "పార్లర్లకు పోయేవోళ్లు వేరే, మన ఇంటి ఆడోళ్లు వేరే" అన్నాడాయన. "దేవుడిచ్చిన జుట్టు కత్తిరించుకుని ఏ మొగం పెట్టుకుని ప్రార్థన చేస్తావు?" అంది అత్త అన్నమ్మ. తన నొప్పికి కదలని దేవుడు ఫొటోలకైతే ఒప్పుకున్నాడన్నమాట. తలా తనదే, నొప్పీ తనదే, పెత్తనం మాత్రం ఊరందరిదీ.

ఆ కోపంతోనే వార్డులో ఉన్న రోజా చేతికట్టు విప్పింది. టమాటా గుజ్జు ఫ్యాక్టరీలో ఆవిరి పైపు పగిలి ఆ పిల్ల చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

"ఆ దినం పొద్దున్నించీ బుస్సుమంటానే ఉన్నిందక్కా. ఎవురికి సెప్పినా ఇనలే. పోయిన వారమే ఆఫీసరు సారు వచ్చి అంతా బాగుండాదన్నాడంట. ఇప్పుడు గోనెపట్ట చుట్టి మళ్లీ నడిపిస్తాండారు. మా పాపక్క ఆడనే నిలబడి పనిచేస్తాండాది."

జెమీమా చెయ్యి ఆగిపోయింది. పోయిన వారం ఆయన ఆ ఫ్యాక్టరీ నుంచే సాసు సీసాల పెట్టె తెచ్చాడు. "మేనేజరు ఏసీ రూములో కూర్చోబెట్టి టీ ఇచ్చినాడు, ఏం మర్యాదలే!" అని మురిసిపోయాడు. ఆ పొద్దున తను పాలిష్ చేసిన షూ సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికీ అలాగే తళతళలాడింది.

ఇంటికెళ్లి సూటిగానే అడిగింది. "ఆ పైపు సూసినారా మీరు?"

"ఆఫీసు సంగతులు నీకెందుకు?"

"గోనెపట్ట చుట్టినారంట. ఇంకెవురికన్నా కాలేలోపల పోయి దాన్ని ఆపించండి."

"సూస్తాంలే. ఆదివారం తలకు నూనె పెట్టొద్దు, ఫొటోలో జడ బాగా రావాల."

శనివారం ఆమెకు రాత్రి డ్యూటీ. పొద్దున డ్యూటీ దిగాక నర్సుల గదిలో కుర్చీలో కూర్చుని కృష్ణవేణి చేతికి కత్తెర ఇచ్చింది. "మెడ దాకా కోసెయ్" అంది. కోసిన జడను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, అలవాటుగా తలమీద ముసుగేసుకుని నేరుగా చర్చికి వెళ్లింది. ఆరాధనలో ఆడవాళ్లందరూ ముసుగులోనే ఉంటారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆరాధన అయ్యాక శాలేము రాజు మైకందుకుని సముద్రం కష్టాలు ఏకరువు పెట్టాడు. "ఈ సేవకు మొట్టమొదట నా భార్య..." అంటూ చెయ్యి చాపాడు. ఎర్ర రిబ్బను కట్టిన కత్తెర పళ్లెంలో సిద్ధంగా ఉంది. జెమీమా ముందుకెళ్లి ముసుగు తీసింది. ముందు బెంచీలో అన్నమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫ్యాను గాలి మెడకు తగిలింది. ఎంత హాయి!

"జడ యాడ?" అన్నాడు ఆయన, పళ్ల మధ్య నుంచి.

బ్యాగులోంచి తీసి ఆయన రెండో చేతిలో పెట్టింది. ఆయన పట్టుకున్న మైకు ఇద్దరి మధ్యే ఉంది కాబట్టి ఆమె మాట చివరి బెంచీ దాకా వినబడింది.

"నా మెడనొప్పికి నేనే కోయించుకున్నాను. ఇది సముద్రానికి కాదు. రోజా చెయ్యి కాల్చిన పైపుకు గోనెపట్ట చాలదు, రేపు పోయి మీ చేతుల్తో దీన్ని చుట్టి రాండి. అప్పుడన్నా ఆ పైపు కాడికి పోయినట్టుంటాది."