పొన్నుతాయికి జరగని పెళ్ళి

చెల్లెలికి మతిమరుపు మొదలైందనుకుంది గాంధిమతి. లేకపోతే అంతమంది ముందు మైకు పట్టుకుని, కథలోని పొన్నుతాయి బడికి పోయిందని చెబుతుందా?

ఆ సాయంత్రం విరుదునగర్ పుస్తక ప్రదర్శనలో చిన్ననాటి పుస్తకాల గురించి మాట్లాడమని సుధాలక్ష్మిని పిలిచారు. పిలవరా మరి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. అక్క గాంధిమతి కోవిల్‌పట్టిలో మధ్యాహ్నమే బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చుంది. చెల్లెలు ఏ పుస్తకం సంగతి ఎత్తుతుందో ఆమెకు ముందే తెలుసు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్న కథల పుస్తకం అదొక్కటే.

విళాత్తికుళం దగ్గర పల్లెలో వాళ్ళది మిరప సేద్యం. ఎండిన కాయలు ఇల్లు చేరాక అమ్మా గాంధిమతీ రోజుల తరబడి వసారాలో కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు. బడిలో బహుమానంగా వచ్చిన ఆ పుస్తకాన్ని పదేళ్ళ సుధ వాళ్ళకు చదివి వినిపించేది. పుస్తకంలో ఉన్నది అరవం, ఇంట్లో మాట తెలుగు. అందుకని ఒక్కో వాక్యం కళ్ళతో చదువుకోవడం, దాన్ని తెలుగులో చెప్పడం. మిరపకాయ చేతులతో పుస్తకం ముట్టుకోకూడదని అమ్మ ఆజ్ఞ. చదివే పిల్ల కాయలు ముట్టదు, కాయలు ముట్టిన పిల్ల పుస్తకం ముట్టదు, న్యాయం బాగానే ఉంది! ఐదో తరగతితో బడి మాన్పించిన గాంధిమతికి అప్పుడు పన్నెండేళ్ళు. అక్షరాలు వచ్చు గానీ ఆ పుస్తకం ఒక్కరోజూ ఆమె చేతికి రాలేదు. తరవాత సుధ హాస్టలుకు పోతూ దాన్ని పెట్టెలో వేసుకుపోయింది.

అయినా ఆ కథ గాంధిమతికి కంఠతా వచ్చు. తండ్రి పోయాక పదమూడేళ్ళ పొన్నుతాయి తూత్తుకుడి నుంచి ఉప్పుబండి తోలడం, ఒట్టపిడారం దారిలో ఎద్దు కుంటిదవడం, అడ్డగించిన దొంగల కళ్ళల్లో ఉప్పు కొట్టడం. చివరికి పగ్గాలు తమ్ముడి చేతికిచ్చి మేనమామ కొడుకును పెళ్ళాడడం. ఆ పెళ్ళి విందులో తొమ్మిది కూరలు. తొమ్మిదింటి పేర్లూ సుధ గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

ఇప్పుడేమో అదే సుధ వేదిక మీద నిలబడి, పొన్నుతాయి ఉప్పుబండిని బడి ముందు ఆపి, లోపలికి పోయి ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుందని, తనను టీచరును చేసింది ఆ ఆఖరి పేజీయేనని చెబుతోంది. జనం చప్పట్లు కొట్టారు.

గాంధిమతి లేచి కొట్ల వైపు నడిచింది. నాలుగో కొట్టులో ఆ పుస్తకమే, కొత్త అట్టతో దొరికింది. కొనుక్కుని, అక్కడే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆఖరి అధ్యాయం వేలు పెట్టి చదివింది. బస్సు బోర్డులూ రేషన్ కార్డూ తప్ప ఇంకేదీ చదివి ఎన్నేళ్ళయిందో, అరగంట పట్టింది. బండి ఉంది, బడి ఉంది. పక్కనున్న ఆరేళ్ళ పిల్ల పొన్నుతాయికి పలక ఇవ్వడం కూడా ఉంది. పెళ్ళి లేదు. ముందు పేజీలన్నీ తిరగేసింది. మేనమామ కొడుకన్నవాడు ఎక్కడా లేడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. యాభై ఏళ్ళుగా చెవిలో పువ్వు పెట్టించుకుని తిరిగిందన్నమాట తను. పెట్టింది బయటివాళ్ళు కాదు, ఒక కంచంలో తిన్న చెల్లెలు.

సన్మానంలో కప్పిన శాలువాతోనే సుధాలక్ష్మి అక్కను వెతుక్కుంటూ వచ్చింది. గాంధిమతి పుస్తకం ఆమె ముందుకు తోసింది.

"దీంట్లో ఆ కల్యాణం యాడుండాది, చూపీ."

సుధాలక్ష్మి పుస్తకం తెరవలేదు. పక్క కుర్చీలో కూర్చుని, శాలువా తీసి మడతపెడుతూ చెప్పింది. ఆఖరి అధ్యాయం ఆమె ముందే చదివేసి, సంబరంగా అమ్మకు చెప్పిందట. అమ్మ ఆమెను వంటింట్లోకి లాక్కుపోయి, అది అక్క చెవిన వెయ్యొద్దందట. వింటే అదీ బడికి పోతానని కూర్చుంటుంది, అన్ని కాయలు ఎవరు తీస్తారు, ఏదో పెళ్ళి చేసి ముగించెయ్ అందట. తొమ్మిది కూరలూ మాత్రం సుధ సొంత వంట.

"అమ్మ చెప్పె, నేను చేస్తి. పదేండ్ల పిల్లని గదక్కా."

"అప్పుడు పదేండ్లు, సరే. హెడ్‌మిస్ట్రెస్ అయినాక కూడా నీకి పదేండ్లేనా?"

తరవాత్తరవాత చెప్పడానికి సిగ్గేసిందనీ, అక్కకు ఆ కథ గుర్తుండదనుకున్నాననీ సుధాలక్ష్మి నసిగింది. గుర్తుండదట! ఉన్న ఒక్క కథా గుర్తుండకుండా ఎలా పోతుంది? అమ్మ బతికుంటే ఆమెనూ నాలుగు కడిగేసేది గాంధిమతి. అమ్మ పోయి పదిహేనేళ్ళయింది.

కానీ గాంధిమతి కడుపు మండింది తన బడి పోయినందుక్కాదు. కూతురు యువరాణి విషయంలో. చిన్నప్పుడు యువరాణికి ఈ కథ చెబితే దొంగల దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయేది, ఆఖరు దాకా ఎన్నడూ వినలేదు. ఇరవై ఏళ్ళ కిందట, ప్లస్ టూ అయ్యాక, తిరునెల్వేలి కాలేజీలో చేరతానని పంతం పట్టింది. అప్పుడు గాంధిమతి కూర్చోబెట్టి ఆఖరు చెప్పింది. దొంగలను తరిమిన పొన్నుతాయే చివరికి పగ్గాలు వదిలి తాళి కట్టించుకుంది, నువ్వెంత అంది. కొట్టలేదు, తిట్టలేదు, కథతోనే ఒప్పించింది. యువరాణి ఆ తరవాత కాలేజీ మాటెత్తలేదు. రెండు నెలల్లో వత్రాప్ ఊరి సంబంధం ఖాయమైంది.

గాంధిమతి అప్పటికప్పుడు కూతురికి ఫోన్ చేసింది. పొన్నుతాయికి పెళ్ళి కాలేదట, బడికి పోయిందట అంది.

"తెలుసు మా," అంది యువరాణి. "ఎనిమిదో క్లాసులో పళ్ళికూడం లైబ్రరీలో చదివితి."

"తెలిసీ ఏంటికి నోరెత్తలే?"

"నన్ని ఒప్పించేదానికి నువ్వే మార్చి చెప్తాండావనుకుంటి. పెండ్లి చేసేదానికి అబద్దమాడే అమ్మతో ఇంకేం మాట్లాడేది."

గొంతులో కోపం లేదు. ఎప్పుడో ఆరిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఆ పిల్ల వస్తోంది, పోతోంది, జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగిస్తోంది. అదంతా తల్లి అబద్ధాలకోరని అనుకుంటూనే చేస్తోంది. అబద్ధం తనది కాదని ఇప్పుడు చెబితే నమ్ముతుందా? దొరికిపోయి చెల్లెలి మీదికి నెడుతోందనుకోదూ?

గాంధిమతి ఫోన్‌ను సుధాలక్ష్మి చేతిలో పెట్టింది.

"ఎవురు ఆడిన అబద్దమో నీ నోటితోనే చెప్పు."

ఇంతకుముందే నలభై నిమిషాలు కాగితం చూడకుండా మాట్లాడిన మనిషి, ఫోన్ చెవికి పెట్టుకుని "యువా" అని ఆగిపోయింది. అవతల యువరాణి "చిన్నమ్మా, ఏమైంది?" అని అడుగుతూనే ఉంది. గాంధిమతి కదల్లేదు. కోవిల్‌పట్టి బస్సులు ఎన్ని పోయినా పోనీ, చెల్లెలు నోరు విప్పేదాకా ఆ కుర్చీలోంచి లేవదలుచుకోలేదు.