పద్నాలుగు పాదాలు

కర్ర పొడుగు నాలుగు మీటర్లు, కారు పొడుగు మూడున్నర చిల్లర. రెండేళ్లుగా అన్నపూర్ణేశ్వరి కాపురంలో సగం తగవులు ఆ తేడా దగ్గరే పుడుతున్నాయి.

ఆ వేళ ఘాజియాబాద్‌లోని ఫ్లాటు నుంచి గ్రేటర్ నోయిడా స్టేడియానికి వస్తుంటే దారిలో పోలీసు ఆపాడు. కారు పైన కట్టిన పోల్ చూసి, "యే క్యా పైప్ హై?" అన్నాడు. సారీ అని వచ్చేస్తే పోయేది. సెక్షన్ ఆఫీసరుగా పాతికేళ్లు ఫైళ్లు నడిపిన ఆమె మొగుడు రామమోహనరావు కారు దిగి, పోల్ వాల్ట్ అంటే ఏమిటో, ఫైబర్ కర్ర వంగి మనిషిని ఎలా పైకి విసురుతుందో అతనికి చేతులూపుతూ వివరించాడు. ఆ వివరణ అరగంట తినేసింది.

స్టేడియం చేరేసరికి వార్మప్ అయిపోయింది. వాళ్ల పదిహేడేళ్ల కూతురు తేజశ్రీకి నిండు పరుగు తీసి ఒక్కసారైనా దూకి చూసుకునే వీలు దొరకలేదు.

"అయితే చిన్న ఎత్తు నుంచే మొదలుపెట్టు తల్లీ, ఒళ్లు కుదురుకుంటుంది" అంది అన్నపూర్ణ.

"చిన్నవి దండగే! నీ బెస్టు మూడు మీటర్ల ఇరవై. సెలెక్షన్‌కి కావాల్సింది మూడు పది. డైరెక్టుగా దానికే దిగు" అన్నాడు రామమోహనరావు. కోచ్ ఆ రోజు వేరే ఊళ్లో మగపిల్లలతో ఉన్నాడు. ఉంటే ఆ మాటకి ఈయన్ని గేటు బయట నిలబెట్టేవాడు.

మూడు పది. మూడు ప్రయత్నాలు. దాటితే రాష్ట్ర జూనియర్ జట్టు. దాటకపోతే పేరు పక్కన సున్నా కూడా పడదు, గీత పడుతుంది.

పరుగు ఎక్కడ మొదలవ్వాలో గుర్తు పెట్టడం అన్నపూర్ణ పని. కొలిచే టేపు మొదటి నెలలోనే కొన్నారు. దాంతో రామమోహనరావు బాల్కనీ గ్రిల్లు కొలిచి, స్ప్రింగు విరగ్గొట్టి పెట్టాడు. అప్పట్నుంచీ కొలత తల్లి పాదాలే. ఏ స్టేడియంలోనైనా దూకే చోటికి ఇరవై మీటర్ల దూరాన ట్రాకు పక్కన ఓ గీత ఉంటుంది. అక్కణ్ణించి వెనక్కి, మడమకి వేళ్లు ఆనించుకుంటూ పద్నాలుగు పాదాలు. అక్కడో ప్లాస్టర్ ముక్క. కోచ్ నెత్తి కొట్టుకున్నాడు గానీ తేజశ్రీ ఒప్పుకోలేదు. "మమ్మీ పాదాలు ఎప్పుడూ తప్పవు సర్" అంది.

ఆ రోజు కూడా పద్నాలుగు లెక్కపెట్టి ప్లాస్టర్ అంటించి, గుంట పక్కకి వచ్చి నిలబడింది అన్నపూర్ణ. కర్ర కొసను ఆ గుంటలోనే దింపాలి. దూకే పాదం సరిగ్గా పై చేతి కింద పడాలి.

పాప పరుగెత్తింది. చివరి రెండు అంగలూ సాగదీసింది. పాదం ఎక్కడో వెనక పడింది. కర్ర నిటారుగా లేవకుండానే ఆగిపోయి పిల్లని వచ్చిన దారినే దింపేసింది.

కంచె అవతలినుంచి రామమోహనరావు కేక. "గ్రిప్ పెంచు! పైకి పట్టుకుంటే పైకి లేస్తావ్! సింపుల్ ఫిజిక్స్!"

"కర్ర నిలబడాలి కదండీ ముందు! నిలబడని కర్రని ఎంత పైన పట్టుకుంటే ఏం లాభం?"

"నువ్వుండు. నేను వీడియోలు చూశాను."

పిల్ల తండ్రి మాటే విని నాలుగు వేళ్లు పైకి పట్టుకుంది. ఈసారి కర్ర సగంలోనే మొరాయించి తోసేస్తే పరుపు అంచున కూలబడింది. లేచి, బట్టలు దులుపుకుంటూ తల్లి దగ్గరికి వచ్చింది. కళ్లనిండా నీళ్లు.

"మార్క్ సహీ హై నా, మమ్మీ?"

"పద్నాలుగే. రెండుసార్లు లెక్కపెట్టాను. మీ నాన్న మాట వినకపోతే..." అంటూ తల దించుకుంది అన్నపూర్ణ.

కింద తెల్లగా మెరుస్తున్న బూట్లు.

రోజూ చెప్పులు టపటపలాడతాయని ట్రాకు అంచున విడిచి, వట్టి కాళ్లతో కొలిచేది. ఎండలో నిలబడి నిలబడి కాళ్లు పగిలాయని పొద్దున్నే పిల్ల తన స్కాలర్‌షిప్ డబ్బుతో కొన్న బూట్లు తొడిగింది. లేసులు కూడా తనే కట్టింది. పాదం కంటే రెండు వేళ్ల మేరైనా పొడుగుంటాయి. పద్నాలుగు సార్లు. అర మీటరు!

పొద్దుట్నుంచీ మొగుణ్ణి తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తనకే చెందాలి.

"తప్పు నాదే తేజూ. బూట్లతో కొలిచాను. కర్ర ఎప్పటిలా పట్టుకో."

ముడులు ఊడవు గాక ఊడవు, ఆ లేసులు! పళ్లు నూరుకుంటూ బూట్లు లాగి పారేసి ట్రాకు మీదికి దిగింది. రబ్బరు ట్రాకు పెనంలా కాలుతోంది.

"మేడమ్, బాహర్ జాయియే!" అన్నాడు జెండా పట్టుకున్న అధికారి.

"ఏక్ మినట్ భయ్యా!" అని, "ఐదు... ఆరు..." అనుకుంటూ ఆమె ఆగకుండా నడిచింది. పద్నాలుగో పాదం దగ్గర ప్లాస్టర్ పీకి మళ్లీ అంటించింది. ఒంటికాలి మీద గెంతుతూ బయటపడింది.

తేజశ్రీ గుర్తు మీద నిలబడి తల్లి వైపు ఒకసారి చూసింది. పరుగెత్తింది. ఈసారి అంగలు సాగలేదు. పాదం చేతి కింద టప్ మని పడింది. కర్ర విల్లులా వంగి, నిటారుగా లేచి, పిల్లని తలకిందులుగా పైకి తీసుకుపోయింది. మోకాలు తగిలి బార్ గడగడా వణికింది. అన్నపూర్ణ కాళ్ల మంట మరిచిపోయింది. బార్ ఆగింది. తెల్ల జెండా లేచింది.

"చూశావా? గ్రిప్ పెంచబట్టే!" అన్నాడు రామమోహనరావు, కంచె మీద నుంచి వంగి.

"తగ్గించింది మహానుభావా."

అధికారి తర్వాతి ఎత్తు ఎంతని అడుగుతున్నాడు. పిల్ల నోరు తెరిచేలోపే రామమోహనరావు మూడు ముప్ఫై అని చెయ్యెత్తబోయాడు. అన్నపూర్ణ గబగబా వెళ్లి బూట్లు రెండూ ఆయనకి అందించింది.

"ఇవి పట్టుకోండి" అంది. "రెండు చేతులతో."