కాలనీ నీళ్ళు

వజ్రమ్మ చేతిలోని డబ్బాను వాచ్‌మన్ గుంజుకొని, గేటు పక్కనున్న లాన్‌లో నీళ్ళన్నీ వంచేశాడు.

ఆ నీళ్ళు మా ఇంటివే. తాగేనీళ్ళ ఫిల్టర్ మిషన్ పక్క పైపులోంచి వదిలేసేవి. వజ్రమ్మ మా ఇంట్లో గిన్నెలు తోమి పోతూ రోజూ పట్టుకుపోయేది. వాళ్ళింట్లో స్నానాలకు, బట్టలకు అవే ఆధారం.

"నీటి పొదుపు వజ్రమ్మా. కాలనీ నీళ్ళు కాలనీలనే ఉండాలె. మీటింగుల తీర్మానమైంది," అన్నాడు మా సెక్రటరీ రమాకాంత్.

"గడ్డికి మస్తు దూపైతాందేమో సార్. మా పొల్లగాండ్లు ఆగుతరు తియ్," అంది వజ్రమ్మ.

ఆ మీటింగులో నేనూ చెయ్యెత్తాను. దేవుడిచ్చిన నీళ్ళు పొదుపు చేయడం మంచిదే కదా అనుకున్నాను. ఎవరి బిందె ఒట్టిపోతుందో అడగలేదు. ఇప్పుడు వజ్రమ్మ నా వైపు చూసింది. నా చేతిలో మల్లెపాదుకు పట్టిన పైపు పారుతూనే ఉంది. తల దించుకున్నాను.

ఇబ్రహీంపట్నం రోడ్డు మీద మా వెంచర్ వెలిసినప్పుడు లోతుగా బోర్లు వేశారు. వెనకనున్న వజ్రమ్మ వాళ్ళ వాడ బోరు ఎండిపోయింది. ట్యాంకర్ వచ్చిననాడే వాళ్ళకు నీళ్ళు. ఇది మాకు తెలియదా? తెలుసు. తెలిసే ప్రతి ఆదివారం చర్చిలో మోకరిస్తున్నానే, ఆ ప్రార్థన పైకి పోతుందా?

మరునాడు ఏ ఇంటికీ పనిమనిషి రాలేదు. అందరూ ఖాళీ డబ్బాలతో గేటు ముందు కూర్చున్నారు. రమాకాంత్ గేటుకు తాళం వేయించాడు. బయట వాళ్ళు, లోపల మేము.

"పనోళ్ళకు కరువా? మంచాల ఊరి నుంచి బస్సెక్కి వస్తరు," అన్నాడు లోపల ఒకాయన.

"రానియ్," అంది వజ్రమ్మ అత్త ఈదమ్మ. "వాళ్ళకు దూప కాదా? వాళ్ళనూ మా పక్కకే కూసోబెట్టుకుంటం."

బయట నవ్వులు లేచాయి. రమాకాంత్ ముఖం ఎర్రబడింది.

"మా పైసలతోని ఏసుకున్న బోరు. మీకేం హక్కుంది?"

"పైసలు మీయే సార్. భూమి కింది నీళ్ళు ఎవలయి?" వజ్రమ్మ లేచి నిలబడింది. "మీరు పారబోసే నీళ్ళకు కొట్లాడుతున్నమనుకుంటున్నరా? గది నిన్నటి మాట. ఇయ్యాల బోరులనే వాటా అడుగుతున్నం. లాన్ బందు పెట్టున్రి. మా వాడకు పైపు ఎయ్యున్రి."

రమాకాంత్ ఫోన్ తీశాడు. నేను ఆపలేదు.

పోలీసు జీపు వచ్చింది. తోవకు అడ్డం కూర్చున్నారని వజ్రమ్మను ఎక్కించారు. ఆడవాళ్ళు జీపును చుట్టుకున్నారు. లాఠీలు లేచాయి. జీపు పోయింది. ఇదంతా గేటు ఊచల మధ్యలోంచి చూశాను.

తాళం తీశాక ఇంట్లోకి పోయి డబ్బా నింపుకున్నాను. "ఎక్కడికి సుసన్నక్కా?" అని రమాకాంత్ అడ్డం వస్తే పక్కనుంచి నడిచాను. వాడ చేరేసరికి వేళ్ళు తిమ్మిరెక్కాయి. వజ్రమ్మ ఈ బరువు రోజూ మోసేది. ఒక్కనాడన్నా అడగలేదు.

ఈదమ్మ గుడిసె ముందు వాడంతా జమై ఉంది. డబ్బా కింద పెట్టాను.

"నీళ్ళు తెచ్చినవా బిడ్డా? మంచిదే. గీటితోని నా కోడలు ఇంటికొస్తదా?"

"ప్రార్థన చేస్తనమ్మా," అన్నాను.

"చెయ్యి. చేసినంక రేపు మేమొస్తే గేటు తాళం తీస్తవా?"

అందరూ నన్నే చూస్తున్నారు.

"తీస్త."

"జర గట్టిగ చెప్పు. ఎనకున్నోళ్ళకు ఇనవడాలె."

"తీస్త," అన్నాను. ఈసారి అందరికీ వినబడింది.

ఆడవాళ్ళు లేచి ఖాళీ డబ్బాలు వాయించుకుంటూ పోలీసు స్టేషన్ తోవ పట్టారు. ఈదమ్మ నేను తెచ్చిన నీళ్ళను గోలెంలో పోసి, డబ్బాను నా చేతిలో పెట్టింది.

"నడువు," అంది. "కొట్టుకుంట నడువు."