మోటారు గది తాళంచెవి

మెడలో తాళంచెవి లేకపోతే ఉమారాణికి కాలు ఒకచోట నిలవదు. దసరా నాడు పొద్దున తలస్నానం చేసి, జుట్టుకు తువ్వాల చుట్టుకుని బయటికి వస్తూనే చెయ్యి మెడ మీదికి పోయింది. నల్లతాడు లేదు. స్నానానికి పోయేముందు తీసి దండెం పక్కన మేకుకు తగిలించింది. మేకు ఉంది, తాడు లేదు.

అది ఇంటి తాళంచెవి కాదు. సూర్యాపేటలో ఆమె పీజీ చదివే కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో మోటారు గదిది. ఆ కాలేజీలో లేనివాళ్ళ పిల్లలకు చదువుతో పాటు చిన్న చిన్న పనులు ఇస్తారు. ఒకరు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతారు, ఒకరు కంప్యూటర్ ల్యాబ్ తలుపులు తీసి ఊడ్పిస్తారు. ఆడపిల్లల హాస్టల్లోకి మగవాళ్ళు రాకూడదు గనుక బోరు మోటారు వేసి మీది ట్యాంకు నింపే పని ఉమారాణికి వచ్చింది. అందుకు బదులు మెస్ ఫీజు మాఫీ. పని పోతే మెస్ పోతుంది, మెస్ పోతే చదువు పోతుంది. ఆ తర్వాత మిర్యాలగూడలో బట్టల షాపు. అక్కడ కౌంటర్ దగ్గర నిలబడే పనికి మేనత్త ముందే చెప్పిపెట్టింది కూడా.

ఉమారాణికి ముందు ఆ పని సరిత అనే సీనియర్ చేసేది. ఒకరోజు ఆమెకు క్లాసుంటే, హాస్టల్ ఆయా రాజమ్మ మోటారు వేసి వంటగదిలో ముచ్చట్లలో పడింది. బోరు నీళ్ళివ్వడం ఆగిపోయినా మోటారు తిరుగుతూనే ఉంది. గదిలోంచి కమురు వాసన వస్తే గానీ ఎవరికీ తెలియలేదు. కాల్చింది రాజమ్మ, పని పోయింది సరితకు. అది చూసినప్పటి నుంచి ఉమారాణి తాళంచెవిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. మెడలో వేసుకునే తిన్నది, మెడలో వేసుకునే పడుకున్నది. ఊరికి పోతే రాజమ్మకు ఇచ్చి పోవాలన్నది వార్డెన్ సరళ మేడం పెట్టిన రూలు. ఉమారాణి ఇవ్వలేదు. నిన్న సాయంత్రం ట్యాంకు పొంగేదాకా నింపి, గదికి తాళం వేసి, చెవి జాకెట్ లోపలికి తోసుకుని బస్సెక్కింది. పండుగకు ఇళ్ళకు పోగా హాస్టల్లో మిగిలింది పట్టుమని పదిమంది కూడా లేరు. రేపటిదాకా నీళ్ళకు ఢోకా ఉండదనుకుంది.

మేకు కింద నేల వెతుకుతుంటే ఫోను మోగింది. కోదాడ పిల్ల హారిక, ఆమె రూమ్మేటు. దసరా కాగానే పరీక్షలని ఊరికి పోకుండా హాస్టల్లోనే ఉంది.

"ఉమా, నీళ్ళు రావట్లేదే! రాత్రి పైన బాత్రూములో ఎవరో ట్యాపు తిప్పి వదిలేశారు. ట్యాంకు మొత్తం ఖాళీ. నేను తలకి షాంపూ పెట్టుకుని కూర్చున్నాను, కళ్ళు మండిపోతున్నాయి."

"రాజమ్మ ఏమంటుంది?"

"చెవి నా దగ్గర లేదంటుంది. నీ దగ్గరుందా? మేడం మధ్యాహ్నానికి మనిషిని తీసుకొచ్చి తాళం పగలగొట్టిస్తానన్నారు. ఇంకోటి కూడా అన్నారే... చెప్పాలా వద్దా?"

"చెప్పు."

"ఈ పని ఇంకెవరికైనా ఇచ్చేస్తానన్నారు."

ఉమారాణి ఫోను పెట్టేసి ఇంట్లోకి ఉరికింది. ముందు గదిలో తూర్పు గోడకు పీట వేసి, దాని మీద తల్లి కాటమ్మ పూజ పెట్టింది. నాయిన బిక్షం తాపీ మేస్త్రీ. ఆయన తాపీ, రసమట్టం, తూకం గుండు వరసగా ఉన్నాయి. పక్కన కాటమ్మ వరి కోసే కొడవలి, పార. కొడవలికీ పారకూ నడుమ తమలపాకు మీద మోటారు గది తాళంచెవి. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన ఒక బంతిపువ్వు.

"గదేందమ్మా, నా చెవి గాడ వెట్టినవ్?"

కాటమ్మ అగరువత్తి గుచ్చుతూ తల తిప్పింది. "మరి నీ పనిముట్టు గదే గద బిడ్డా. నాయినది తాపి, నాది కొడవలి. నీది ఏది వెట్టాలె? పెన్ను వెడ్దామంటే పెన్ను అందరికుంటది."

ఆ మాటలో ఎంత మురిపెం ఉందో ఉమారాణికి తెలుస్తూనే ఉంది. తెలిసినా చెయ్యి చాపింది.

"ఆఁ! ముట్టకు!" గడపలో నుంచి బిక్షం అరిచాడు. "పూజల ఉన్న పనిముట్టు రేపు పొద్దుగాల దాక లేవద్దు. ఎరుకనే గద నీకు."

"ఊళ్ళె బండ్లన్నీ నిమ్మకాయలు తొక్కి తిరగవట్టె గద నాయినా!"

"బండ్లు వేరు, చేతి పనిముట్లు వేరు. మీ చిన్నాయన్నడుగు. దసరా నాడు తాపి ఎత్తుకపోయి పరంజ మీదికెల్లి వడ్డడు. కాలు గిట్ల వంకరైంది."

చిన్నాయన తిరుపతి వాకిట్లో మంచం మీద కూర్చుని ఆ వంకర కాలే పిసుక్కుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు, "నేను వడ్డది తాపి ఎత్తినందుకు గాదన్నా. పండుగని జర ఎక్కువ తాగిన."

"నువ్వు నోరు మూస్కో."

ఉమారాణి గేటు దాకా పోయింది, తిరిగి వచ్చింది. మళ్ళీ పోయింది. రోడ్డు మీద ఆటో చప్పుడైతే అటు చూసింది. నాయిన మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన సందు చూసి పీట దగ్గర వంగింది. వేలు తగిలి బంతిపువ్వు కదిలింది. వేలు వెనక్కి వచ్చేసింది. ఆమెకు అంత నమ్మకం ఉండి కాదు. తాళంచెవి తీయకపోతే పని పోతుంది. తీస్తే, తీసినందుకే పని పోతుందేమో. ఎటు తిరిగినా అదే భయం ఎదురొస్తోంది.

"అమ్మా," అన్నది. "ఇయ్యాల ట్యాంకుల నీళ్ళు ఎక్కకుంటే నా పని ఖతం. ఇగ బట్టల షాపే."

కాటమ్మ పీట వైపు చూసింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుని లోపలికి పోయి ఇత్తడి పళ్ళెం తెచ్చింది. దాంట్లో పిడికెడు బియ్యం పోసింది. తమలపాకును రెండు అంచులా పట్టుకుని, చెవితో పువ్వుతో సహా లేపి, కదలకుండా బియ్యం మీద దించింది. కొబ్బరికాయ, ప్రమిద, అగ్గిపెట్టె పక్కన పెట్టుకుంది.

బిక్షం తడి మొహంతో వచ్చి నిలబడ్డాడు. "ఏం జేస్తున్నవే?"

"పూజ ఎత్తుత లేను. పూజను తీస్కపోతున్న. నీ తాపికి గోడ ఇంట్లనే ఉన్నది, నా కొడవలికి చేను ఊళ్ళెనే ఉన్నది. దీని తాళం సూర్యాపేటల ఉన్నది. నేనేం జేయాలె?"

బిక్షం కండువాతో మొహం తుడుచుకున్నాడు. తిరుపతే అన్నాడు, "పో వదినా, పో. అన్న తూకం గుండు ఎటూ వోకుంట నేను సూస్కుంట."

వేములపల్లి కాడ ఆటో దిగి బస్సెక్కారు. పండుగ బస్సు, కాలు పెట్టే సందు లేదు. అయినా పళ్ళెం చూసి ఒక ముసలాయన లేచి కాటమ్మకు సీటిచ్చాడు. కండక్టర్ వచ్చి, "ఆధార్ సూపియ్యమ్మా, ఫ్రీ టికెట్ కొట్టాలె," అన్నాడు.

"చేతులల్ల పూజ ఉన్నది. నా బిడ్డ సూపిస్తది."

పక్క సీటామె పళ్ళెంలోని కుంకుమ వేలికద్దుకుని నొసట పెట్టుకుంది. "ఏ తల్లి అమ్మా?" అని అడిగింది.

"మోటారు తల్లి," అన్నది కాటమ్మ, నవ్వకుండా.

ఉమారాణికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. బస్సు ప్రతి ఊళ్ళో ఆగుతోంది. ఒకచోట జమ్మి కొమ్మలు పట్టుకుని పోతున్న జనం రోడ్డంతా నిండారు. ఇంకోచోట మేకలు అడ్డం వచ్చాయి. డ్రైవర్ కంటే ముందు ఆమె కాలే నేలను తొక్కుతోంది. ఫోను తీసి చూసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. బయట వరి పొట్ట మీదుంది, గాలికి ఒక్క దిక్కే వంగుతోంది.

"నువ్వు తొక్కితే పోదు బస్సు," అన్నది తల్లి.

హాస్టల్ మెట్ల మీద పిల్లలు ఖాళీ బకెట్లతో కూర్చుని ఉన్నారు. హారిక తల మీద షాంపూ ఎండి తెల్లగా అట్ట కట్టింది. మోటారు గది ముందు సరళ మేడం, ఆమె వెనక సుత్తి పట్టుకున్న మనిషి, పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాజమ్మ.

"తాళంచెవి క్యాంపస్ దాటొద్దని చెప్పానా, లేదా?" అన్నది మేడం.

"చెప్పిన్రు మేడం."

"మరి?"

కాటమ్మ పళ్ళెంతో ముందుకు వచ్చింది. "మేడం, జర జరగుండ్రి. ఓ రాజమ్మా, గా సుత్తె ఆయన్ని జర అవుతలికి పొమ్మను, దీపం ముట్టియ్యాలె."

సుత్తి మనిషి నవ్వుకుంటూ పక్కకు జరిగాడు. ఉమారాణి చెవిని తమలపాకుతోనే పట్టుకుని తాళం తీసింది. తీయగానే కాటమ్మ ఆకును చెవితో సహా మళ్ళీ బియ్యం మీద పెట్టించి, గది లోపల స్టార్టర్ డబ్బా కింద పళ్ళెం పెట్టింది. డబ్బాకు పసుపు రాసి బొట్టు పెట్టింది, దీపం వెలిగించింది, గడప మీద కొబ్బరికాయ కొట్టింది. మేడం ఏదో అనబోయి, చెప్పులు విడిచి నిలబడింది.

ఉమారాణి పచ్చ బటన్ నొక్కింది. పైపు మొదట దగ్గింది, గాలి తోసింది, ఆ వెనక నీళ్ళ బరువు ఎక్కుతున్న చప్పుడు వచ్చింది. మెట్ల మీద పిల్లలు బకెట్లు మోగించారు.

"సరే," అన్నది మేడం. "ఈసారికి పోనిస్తున్నాను. ఎల్లుండి నుంచి నీకు పరీక్షలు. నువ్వు హాల్లో రాస్తుంటే మోటారు ఎవరు బంద్ చేస్తారు? అది ఆలోచించావా?"

ఆలోచించలేదు. అన్నాళ్ళు మెడలో మోసిన ఉమారాణికి ఆ సంగతే తట్టలేదు. పళ్ళెంలోని చెవి కోసం వంగింది.

"ఆగు," అన్నది కాటమ్మ. "అది రేపు పొద్దుగాల దాక ఆకు మీదికెల్లి లేవద్దు."

"మరి తలుపుకు తాళం?"

"తాళం లేదు. తెరిచే ఉంటది."

"ఎవరు సూస్తరమ్మా?"

కాటమ్మ రాజమ్మ వైపు చూసింది. రాజమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నేను ముట్టనమ్మా. ఒకపారి కాల్చిన. ఆ సరిత మొకం ఇప్పటికీ కండ్లల్ల మెదుల్తది."

"మా మరిది పరంజ మీదికెల్లి వడ్డడు," అన్నది కాటమ్మ, వేలితో కుంకుమ తీసి రాజమ్మ నొసట పెడుతూ. "వంకర కాలుతోనే మల్ల ఎక్కిండు. మా ఊళ్ళె సగం గోడలు ఆయనయే. రా, కూసో."

రాజమ్మ కూర్చుంది. ఉమారాణి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా మీది మీటరు ముల్లు చూపించింది. "గీ ముల్లు కిందికి వడ్డదంటే బోరు నీళ్ళు ఇస్తలేదన్నట్టు. వెంటనే ఎర్ర బటన్ వొత్తాలె పెద్దమ్మా. వంటింట్లకు పోవద్దు. ఫోన్ మాట్లాడొద్దు." మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మళ్ళీ చెప్పబోతుంటే రాజమ్మే అందుకుంది, "ముల్లు వడితే ఎర్రది. సమజైంది బిడ్డా. ఇగ నన్ను సంపకు."

పొద్దు వాలకముందే కాటమ్మ ఇంటికి చేరి పూజ దగ్గర దీపం పెట్టాలి. "నేనుంటనమ్మా, నువ్వు పో," అన్నది ఉమారాణి.

"ఉంటే ఉండు. గని నువ్వు గీడ ఉన్నంత సేపు ఆమె చెయ్యి వెట్టదు. ఎల్లుండి నువ్వు పరీక్ష రాస్తవా, ముల్లు సూస్తవా?"

ఉమారాణి గడపలో నిలబడింది. లోపల మోటారు తిరుగుతోంది. రాజమ్మ ముల్లు మీద నుంచి కళ్ళు తీయడం లేదు. ఉమారాణికి తెలుసు, మోటారు మళ్ళీ కాలితే పోయేది రాజమ్మ పని కాదు, తనదే. అయినా చెప్పుల దగ్గరికి వచ్చింది. ఒక చెప్పు వేసుకుని మళ్ళీ విడిచి, లోపలికి పోయి ముల్లు చూసింది. బయటికి వచ్చి ఈసారి రెండూ వేసుకుంది.

తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయి. కాటమ్మ చేతులు ఖాళీ. ఉమారాణి చెయ్యి మాత్రం ఊరూరికీ మెడ మీదికి పోతోంది, ఏమీ దొరక్క ఒళ్ళోకి వస్తోంది. ఊరు దగ్గర పడుతుండగా ఫోను మోగింది. రాజమ్మ.

"బిడ్డా, ముల్లు వడ్డదే."

ఉమారాణి లేచి నిలబడింది. "పెద్దమ్మా..."

"వడంగనే ఎర్రది వొత్తిన. ట్యాంకు సగం దాటింది. బోరు జర ఊరినంక మల్ల ఏస్త. పిల్లలందరు తానాలు చేసిన్రు. ఆ కోదాడ పిల్లకైతే తెల్లటిదంతా పోయింది." ఆ వెంటనే గొంతు తగ్గించింది. "గని ఒక మాట అడుగుత. పళ్ళెంల కొబ్బరి చిప్పలున్నయి. అవి గూడ రేపటి దాక ముట్టద్దా?"

ఉమారాణి నిలబడే ఉండి ఆ మాట తల్లికి చెప్పింది.

"కొబ్బరి తినుమను," అన్నది కాటమ్మ కిటికీలోంచి చూస్తూ. "చెవే ముట్టద్దు."