నూకరాజు కాపలా

ద్వారకానగర్‌లో జిరాక్స్ కొట్టు తెరిచే ఉంది, మనుషులెవరూ లేరు, అయినా మెషీను తిరుగుతూనే ఉంది, దాని లోపల ఆకుపచ్చ వెలుగు అటూ ఇటూ పోతోంది, వేడివేడి కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి పడుతున్నాయి, కౌముది కౌంటరుకి ఇవతల నిలబడి వాటిని ఏరుకుంటోంది. ఎందుకు ఏరుతోందో ఆమెకే తెలియదు, ఒక్కటి కింద పడినా కొంప మునిగిపోతుందని మాత్రం గట్టిగా తెలుసు.

ప్రతి కాగితం మీదా ఇమ్మానుయేలు చేతిరాతే. ఇమ్మానుయేలంటే ఆమె స్నేహితుడు ఇమ్మూ, కిందటి వానాకాలం జ్వరంతో ఆసుపత్రిలో చేరి వారం తిరక్కుండా పోయినవాడు. పోయాడన్న సంగతి ఆమెకి ఇక్కడా గుర్తుంది. గుర్తుండి కూడా, అతను వెనకగదిలోంచి వచ్చి "ఇంకా ఎన్నున్నాయే?" అంటే, "అయిపోవచ్చాయిరా" అని తడుముకోకుండా జవాబు చెబుతుంది. కలలో మనిషి బుద్ధి అంతవరకే పనిచేస్తుంది.

ఆ కాగితాల సంగతి కాస్త చెప్పాలి. కౌముదీ, ఇమ్మూ, ఇంకో ముగ్గురు స్నేహితులూ ఆదివారాలు బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడేవారు. అందులో ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిని కల్పించుకుని ఆ కథలో తిరుగుతారు, ఫలానావాడు ఈ గోడ దూకగలడా, ఆ దొంగని పట్టుకోగలడా అని అనుమానం వస్తే పాచిక వేసి తేల్చుకుంటారు. కల్పించుకున్న ఆ మనిషి పేరు, బలం, తెలివి, ఒంట్లో మిగిలిన ప్రాణం, వెంట ఉన్న సామాను, అన్నీ రాసుకునే కాగితమే క్యారెక్టర్ షీటు. దాన్లో ఉన్న గళ్ళన్నీ చూసేసరికి కొత్తవాళ్ళకి నీరసం వచ్చేది, సగంమంది అక్కడే ఆట మానేసి టీ తాగి వెళ్ళిపోయేవారు. ఇమ్మూ వాళ్ళ మీద జాలిపడి, తీరిక దొరికితే చాలు షీట్లు తనే నింపి, కట్టలుగా జిరాక్సులు తీయించి పంచిపెట్టేవాడు, అదీ చాలక ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు పెట్టి "నింపిన షీట్లు, ఎవరికి కావాలన్నా తీసుకోండి, నన్ను అడగక్కర్లేదు" అని అందులోనూ పెట్టేవాడు. అతను ఊహించిన మనుషుల్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎక్కడెక్కడో ఆడించుకునేవారు. కౌముది కథ చెప్పేది, ఇమ్మూ మనుషుల్ని పుట్టించేవాడు, అలా సాగింది వాళ్ళ స్నేహం.

ఇప్పుడు ఆ మనుషులు నిజంగానే వస్తున్నారు. ఆమె ఏరిన కాగితాలు చేతిలో మెత్తబడి బరువెక్కుతున్నాయి, వాటిలోంచి కుంటుకుంటూ ఒక మంత్రసాని దిగుతుంది, వెనకే నత్తి దొంగ, చంకలో కోడిపుంజుతో ఒక సైనికుడు, అందరూ ఆమె భుజాన్ని రాసుకుంటూ కొట్టులోంచి బయటికి నడుస్తున్నారు. బయట ద్వారకానగర్ లేదు. ముళ్ళపొదల కొండవాలు ఉంది, ఎక్కడో కింద సముద్రం చప్పుడుంది, మిగిలినదంతా చీకటి.

"వీళ్ళంతా ఎక్కడికిరా?"

"ఎవరు పిలిస్తే అక్కడికి. ఆ మంత్రసానిని కర్నూల్లో ఎవరో ఆడిస్తన్నారు, కవలపిల్లలకి పురుడు పోసిందట మొన్న. దొంగకి పెళ్ళైపోయింది. ఆ సైనికుడు మటుకు పోయాడులే, పోయి కూడా ఇంకోడి చేతిలో మళ్ళీ లేచాడు."

"మరి నువ్వు?"

"నాది కాపలా కదే" అంటాడు ఇమ్మూ.

ఆ మాటతో కౌముది కౌంటరు పట్టుకోబోతుంది. చూస్తుండగానే జిరాక్స్ మెషీను లేదు, కౌంటరు లేదు, గోడలు లేవు. తడిసిన గుడారం గుడ్డ ఒకటి ఆమె వీపుకి తగులుతోంది. ఎదురుగా ఇమ్మూ నిలబడి ఉన్నాడు గాని పూర్తిగా ఇమ్మూలా లేడు. ఆరడుగుల మనిషి వంగిపోయాడు, గడ్డం నెరిసింది, నడుముకి పడవతాడు చుట్టి ఉంది. అతను నూకరాజు. తన కోసం తాను రాసుకున్న మనిషి, పడవ పోగొట్టుకుని కొండల్లో పడ్డ ముసలి సరంగు.

వాళ్ళ బల్ల దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరైనా ఆదివారం రాలేకపోతే, వాళ్ళ మనిషిని కథలోంచి తీసెయ్యకుండా, గుడారం బయట కాపలాకి పెట్టాం అనుకునేవారు. వచ్చే వారం అసలు మనిషి రాగానే కాపలా మారేది. ఆ ఆదివారం ఇమ్మూ ఫోన్ చేసి "జ్వరమే, లేవలేకపోతన్నాను" అన్నాడు. "అయితే నూకరాజు కాపలా!" అని నలుగురూ ఫోన్లోకి అరిచారు, అతను దగ్గుతూనే నవ్వాడు. ఆ పూట ఆట చివర కౌముది, వచ్చే వారం అతన్ని హడలగొట్టాలన్న సరదాతో, గొంతు తగ్గించి చెప్పింది: కొండ మీంచి ఏదో దిగి, కాపలా ఉన్న నూకరాజు దగ్గరికి వచ్చింది, ఏం జరిగిందో పాచిక పడితే తెలుస్తుంది, ఆ పాచిక ఇమ్మూయే వెయ్యాలి. కథ అక్కడ ఆపింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

"నా వైపు చూడరా" అంటుంది కౌముది.

"చూడను. కళ్ళు తిప్పితే అది కదులుతాది."

అప్పుడు వినిపిస్తుంది ఆమెకి. తన వెనక, చెవికి అంత దగ్గరగా, ఏదో ఊపిరి తీస్తోంది. తొందరేమీ లేని ఊపిరి.

"ఆట ఆపేశాం కదరా" అంటుంది.

"మీరు ఆపారు. ఇక్కడ ఏదీ ఆగలేదే. మీరందరూ లేచి ఇళ్ళకి పోయారు, నేను నిలబడే ఉన్నాను, అది కూడా నిలబడే ఉంది. తెల్లవారదు. నిద్ర రాదు. ఇంతకీ అది ఏటే?"

"నన్నడుగుతావేంటి?"

"కథ చెప్పేది నువ్వు. ఇంకెవర్ని అడగమంటావ్?"

కౌముది ఏం చెబుతుంది, అది ఏమిటో ఆమెకి తెలియదు. ఆ రోజు ఊరికే ఏదో వచ్చిందని చెప్పింది, అది పులో, దొంగో, దెయ్యమో ఆదివారంలోగా ఆలోచించవచ్చులే అనుకుంది. ఆదివారం ఆమె సమాధుల దోవలో చెప్పులు చేత పట్టుకుని నడిచింది. ఆ ఆలోచన అలాగే మిగిలిపోయింది.

ఆమె మెల్లగా తల తిప్పుతుంది. తిప్పకూడదని తెలుసు, అయినా తిరిగిపోతుంది మెడ. అది మనిషంత ఎత్తుంది. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు, కొత్తగా సున్నం కొట్టిన గోడలా ఖాళీగా, తడిగా ఉంది, ఆ ఖాళీలో లోపల్నించి ఏవేవో పైకి రాబోయి ఆగిపోతున్నాయి. ఒకసారి ఆసుపత్రిలో బయటికొచ్చి తలూపిన డాక్టరు ముక్కు వస్తుంది. ఒకసారి ఇమ్మూ వాళ్ళమ్మ నోరు వస్తుంది, తెరుచుకుని ఉంటుంది, అరుపు మాత్రం రాదు. తరవాత మెల్లగా కౌముది కళ్ళే, ఆమెవే, ఆ తడిలోంచి తేలి ఆమెనే చూస్తాయి.

ఆమె జడుసుకుని ఇమ్మూ చెయ్యి పట్టుకోబోతుంది. ఆ చెయ్యి ఎంత వెతికినా అందదు.

"నేను చెప్పేస్తానురా" అంటుంది గబగబా. "అది వెళ్ళిపోయిందని చెప్పేస్తా. నా కథే కదా, నా ఇష్టం, వచ్చింది, చూసింది, వెనక్కి పోయింది, అంతే. నువ్వు లోపలికొచ్చి పడుకో."

"ఎప్పుడైనా అలాగ చేశావేటి? మన ఆటలో దమయంతి మనిషి బావిలో పడితే ఎంత ఏడ్చింది అది? మార్చావా? పాచిక పడ్డాకే ఏదైనా అన్నావ్. దానికో న్యాయం, నాకో న్యాయమా? దొంగ మాటతో నేను కదలనే, కాళ్ళు కదలవు."

"అయితే నేనే వేస్తాను పాచిక."

"కథ చెప్పేదానివి, నా పాచిక నువ్వెయ్యకూడదు. నా షీటు తీసుకుని ఎవరు ఆడిస్తే వాళ్ళు వెయ్యాలి." ఇమ్మూ ఇంకా ఆమె భుజం మీంచి ఆ ఖాళీలోకే చూస్తున్నాడు, రెప్ప వెయ్యడం లేదు. "నా షీట్లన్నీ తిరుగుతన్నాయి. ఇది ఒక్కటీ ఎక్కడుంది కౌమూ?"

ఆ షీటు ఆమె గుండెలకి అదిమిపట్టి ఉంది, చున్నీ కింద, ఎప్పట్నించీ పట్టుకుందో తెలియదు, చేతులు తిమ్మిరెక్కాయి. గ్రూపులో ఎంతమంది అడిగారో, ఇమ్మూ గారు సొంతానికి ఆడుకున్న మనిషి ఎవరండీ, ఆ షీటు పెట్టండి, మేము జాగ్రత్తగా చూసుకుంటాం అని. మిగిలినవన్నీ వెతికి మరీ పెట్టింది. ఇది మాత్రం ఇవ్వలేదు. బీరువాలో, చీరల కింద.

"ఎవరో తెలియనివాళ్ళు నిన్ను ఆడిస్తారురా. నీ నూకరాజుకి వాళ్ళ గొంతు పెడతారు."

"పెట్టనీ. నా గొంతు పోయింది కదా ఎలాగూ."

"పాచిక సరిగ్గా పడకపోతే?" కౌముదికి ఏడుపు వచ్చేస్తుంది, ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట ఇక్కడ నోరు దాటి వచ్చేస్తుంది. "పడకపోతే నూకరాజు పోయాడని చెప్పాలి. ఎవరు చెప్పాలి? నేనేగా కథ చెప్పేది. ఒకసారి ఆసుపత్రి మెట్ల మీద కూచుని విన్నానురా ఆ మాట. రెండోసారి నా నోటితో నేనే అనాలా? నా వల్ల కాదు. నువ్వు అక్కడ నిలబడి ఉన్నా సరే, ఉన్నావు కదా అనుకుంటున్నాను."

సముద్రం చప్పుడు ఆగిపోయింది. వెనక ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, ఇప్పుడది ఆమె జుట్టు మీద తగులుతోంది.

"చచ్చిపోవడం అయిపోయిందే కౌమూ" అంటాడు ఇమ్మూ, మెత్తగా, ఏదో చిన్నపిల్లకి చెప్పినట్టు. "అది పెద్ద పనేం కాదు, ఒకసారికి అయిపోతాది. ఈ నిలబడటమే నా వల్ల అవడం లేదు. భయమేస్తంది. నిజంగా భయమేస్తందే. ముందు దానికి ఏదో ఒక పేరు పెట్టు. పులైనా సరే, పామైనా సరే. ఏదీ కానిదాంతో ఎంతకాలమని చూపు కలిపి నిలబడతాను?"

ఆమె మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. ఆ ఖాళీ ఇప్పుడు కౌముది మొహమే పూర్తిగా తొడుక్కుంటోంది, నుదురు వచ్చింది, బుగ్గలు వచ్చాయి, పెదవులు వస్తున్నాయి, అవి వచ్చేస్తే మాట్లాడుతుంది, మాట్లాడితే ఆమె గొంతుతోనే మాట్లాడుతుంది. కౌముది కళ్ళు గట్టిగా మూసుకుని, నోటికొచ్చింది, ఉన్నంత బలంతో అరుస్తుంది.

"ఎలుగుబంటి!"

గుప్పుమని తడిబొచ్చు వాసన. కళ్ళు తెరిచేసరికి ఆమె ఎదుట ఉన్నది నల్లటి, మామూలు, ఆకలిగొన్న ఎలుగుబంటి, ఛాతీ మీద తెల్లచారతో, రెండు చిన్న కళ్ళతో.

"ఎలుగుబంటా!" ఇమ్మూ నవ్వుతాడు, ఫోన్లో నవ్విన నవ్వే, దగ్గుతూ. "ఇన్నాళ్ళూ నేను ఒణికిపోయింది దీనికా? దీని బలం నాకు తెలుసే. పాచిక కాస్త బాగా పడితే చాలు." అంతలోనే నవ్వు ఆగిపోతుంది, ఎందుకంటే పేరు పెట్టడంతో దానికి కదలిక వచ్చింది. ఎలుగుబంటి ముందుకాళ్ళు నేల మీంచి ఎత్తుతోంది. నిలబడుతోంది. పళ్ళు కనిపిస్తున్నాయి. "కౌమూ, షీటు ఇచ్చెయ్. ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యే తల్లీ, తొందరగా!"

ఆమె కాగితాన్ని గుండెల మీంచి లాగుతోంది, అది ఊడి రావడం లేదు, ఎలుగుబంటి పంజా పైకి లేస్తోంది, ఇమ్మూ వంగిన నడుముతో రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటున్నాడు, ఆమె లాగుతోంది, లాగుతోంది.

మెలకువ వచ్చేసరికి సాయంత్రపు ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చి ఉంది. ఆదివారం. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చింది, అంతే. కౌముది దిండు మీది చున్నీ కూడా తీసుకోకుండా బీరువా దగ్గరికి పరిగెత్తి, చీరలన్నీ కింద పడేసి, షీటు బయటికి తీసి, రెండుసార్లు మసకగా వచ్చాక మూడోసారి సరిగ్గా ఫోటో తీసింది. ఇలా హడావుడి పడితే ఎవరైనా నవ్వుతారని ఆమెకి తెలుసు. కానీ పంజా లేచి ఉంది, అది ఇంకా దిగలేదు, ఆ సంగతి ఆమెకి అంతకంటే బాగా తెలుసు.

గ్రూపులో పెట్టి కింద రాసింది: "ఇది ఇమ్మానుయేలు సొంత షీటు. నూకరాజు, ముసలి సరంగు. చీకట్లో కాపలా ఉన్నాడు, ఎదురుగా ఎలుగుబంటి ఉంది. ఎవరైనా తీసుకుని ఇప్పుడే పాచిక వెయ్యండి. ఏం పడినా నాకు చెప్పండి, మిగతా కథ నేను చెబుతాను."

ఫోను చేతిలో పెట్టుకుని చీరల మధ్య నేల మీద కూర్చుంది. జవాబు ఎంతోసేపటికి వచ్చినట్టు అనిపించింది గాని, నిజానికి వెంటనే వచ్చింది. రెహానా అట, ఎవరో, ఏ ఊరో. ఎప్పుడూ ఆడలేదనీ, షీటు నింపడం రాక ఇన్నాళ్ళూ ఊరికే చూస్తూ ఉండిపోయిందనీ రాసింది. దాని కిందే ఇంకొకటి వచ్చింది.

"అక్కా, పాచిక చేతిలోనే ఉంది, వేస్తాను. ఒక్కటి అడగనా? తాతగారి సామాన్ల దగ్గర ఒక గడి ఖాళీ ఉంది. ఆయన చీకట్లో ఉన్నారు కదా, లాంతరు అని రాసుకోవచ్చా?"

కౌముది అక్షరాలు కనిపించక కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"రాయమ్మా" అని కొట్టింది. "లాంతరు రాసి, తొందరగా వెయ్యి."